అవ్వ గ్లాసు అడుగున మడ్డి

నేను అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. నా చెల్లెలి ఒంట్లో దొరికిన ఆ మందు నా వంటింట్లోంచే వెళ్ళిందేమోనని. అదే నిజమైతే, దానికి పెట్టిన తిండే నేనూ తిన్నాను, నేను తిన్నదే పాలై నా బిడ్డ కడుపులోకి వెళ్ళింది. మూడు రోజులుగా బీమోకి పాలిచ్చిన ప్రతిసారీ వాడి మొహంలోకి చూస్తూ ఊపిరి లెక్కపెడుతున్నాను. ఏడు నెలలవాడు. వాడికేం తెలుసు? హాయిగా తాగి, నా జాకెట్టు గుండీ గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతున్నాడు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి విగాతి గారు మా ఇంటి ముందు స్కూటరు ఆపారు. హెల్మెట్ తీసి గుమ్మం దగ్గర పెట్టి, నేరుగా వంటింట్లోకి వచ్చి చాప మీద కూర్చున్నారు. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా రోకలిబండలా ఉంటారు.

“పంతొమ్మిదేళ్ళు ఆటగాళ్ళ వెనకాల మరుగుదొడ్డి దాకా వెళ్ళి శాంపిళ్ళు పట్టినదాన్ని. నా దగ్గర సిగ్గుపడకండి, అబద్ధమూ ఆడకండి. ఆ రెండూ నా ముందు ఎక్కువసేపు నిలవవు,” అన్నారు, నేనిచ్చిన టీ ఊదుకుంటూ.

ఆ ఉద్యోగం మానేశాక ఇలా ఇరుక్కున్న ఆటగాళ్ళ తరఫున నిజం వెతికి పెడుతుంటారు. నా చెల్లెలి కోచ్ ఆవిడ పేరు చెప్పి, “వెంటనే పిలవండి” అన్నాడు. పిలిచాం.

నింగ్రుమ్ నా చెల్లెలు. ఇరవై ఒక్కేళ్ళు. నలభై తొమ్మిది కిలోల తరగతిలో బరువులెత్తుతుంది. రెండు నెలల కిందట ఒక ఆదివారం మా ఊరి హాల్లోనే ఎంపిక పోటీ జరిగింది. నూట నాలుగు కిలోలు తలపైకి ఎత్తి మొదటి స్థానంలో నిలిచింది. ఆ రోజు ఇచ్చిన శాంపిల్‌లో స్టెరాయిడ్ ఉందని సోమవారం ఉత్తరం వచ్చింది. నొప్పీ వాపూ తగ్గించే రకం, పోటీ రోజున ఒంట్లో ఉండకూడనిది. ఎలా వచ్చిందో చూపించలేకపోతే ఏళ్ళ తరబడి నిషేధం. తెలిసే వాడానని ఈ సాయంత్రం అయిదులోగా సంతకం పెడితే శిక్ష తగ్గుతుందని మా ఊరి వెయిట్‌లిఫ్టింగ్ సంఘం కార్యదర్శి హర్సోయో గారు కబురు పెట్టారు.

విగాతి గారు నోటుపుస్తకం తెరిచారు.

“తూకం ఎన్నింటికి?”

“ఎనిమిదింటికి మొదలెట్టారు ఇబూ. నా వంతు ఎనిమిదీ పదికి,” అంది నింగ్రుమ్. పెద్ద ఆడవాళ్ళని మేం ఇబూ అనే పిలుస్తాం.

“అంతకుముందు ఏం తిన్నావు?”

“ముందురోజు సాయంత్రం నుంచి ఏం లేదు. ఉమ్మి కూడా మింగలేదు. రాత్రి పడుకునేముందు ఇంకా నలభై గ్రాములు ఎక్కువున్నాను. జుట్టు కత్తిరించేస్తానంటే అక్క కత్తెర దాచేసింది.”

“తూకం అయ్యాక నోట్లో మొదట పడిందేమిటి?”

“అవ్వ జమూ. హాలు గేటు దగ్గర.”

“టైము?”

నింగ్రుమ్ నా వంక చూసింది. “ఎనిమిదీ ఇరవై అయిదు,” అన్నాను.

“గడియారం చూశావా?”

“లేదండీ. బీమో ఆరున్నరకి తాగాడు. రెండు గంటలు కావస్తుంటే నాకు పాలు చేపుకొస్తాయి. అవ్వ బుట్ట దించుతుంటే జాకెట్టు తడిసింది. పమిటలా గుడ్డ కప్పుకుంటూ అటు తిరిగాను.”

ఆవిడ నవ్వుతారేమోనని తల దించుకున్నాను. నవ్వలేదు. అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నారు. “బాగుంది. గోడ గడియారమైతే ముందుకో వెనక్కో తిరుగుతుంది,” అన్నారు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచీ నా మాట ఒకరు రాసుకోవడం అదే మొదలు.

మా అవ్వ కర్సినా జమూ అమ్ముతుంది. వేళ్ళూ దుంపలూ నూరి కాచిన కషాయాలు. సీసాలు బుట్టలో పెట్టి, వీపుకి కట్టుకుని వీధులు తిరుగుతుంది. యాభై ఏళ్ళుగా అదే పని. పోటీ రోజున నింగ్రుమ్ తాగేది బియ్యం, కచ్చూరాలు నూరిన తీపి జమూ ఒక్కటే.

“ఆ సీసాలోంచి ఇంకెవరికైనా పోసిందా?”

“మా జట్టు పిల్లలం ఐదుగురికీ పోసింది. అక్క తెచ్చిన అన్నం పొట్లం కూడా ఐదుగురం పంచుకున్నాం. తలా ఒక గుడ్డు.”

“ఐదుగురిలో శాంపిల్ ఇచ్చిందెవరు?”

“మొదటి మూడు స్థానాల్లో వచ్చిన ముగ్గురం. పదకొండూ నలభైకి.”

“శాంపిల్ ఇచ్చిన మిగతా ఇద్దరికీ ఉత్తరాలొచ్చాయా?”

“రాలేదు.”

విగాతి గారు పెన్ను చెవి వెనక పెట్టుకున్నారు. “సీసా ఒక్కటే. పొట్లం ఒక్కటే. కడుపులు మూడు. మందు మాత్రం ఒకే కడుపులో. సుమినీ, నీ వంటింటిని తిట్టుకోవడం ఆపు. పొట్లంలో ఉంటే ముగ్గురికీ ఉండాలి.”

నాకు ఏడుపొచ్చింది. బీమోని గట్టిగా హత్తుకున్నాను. వాడు విసుక్కున్నాడు.

మూడూ పదికి బయట కారు ఆగింది. హర్సోయో గారు బూట్లు విప్పి, సంతకం పెట్టాల్సిన కాగితం ఉన్న ప్లాస్టిక్ కవరుతో లోపలికి వచ్చారు. విగాతి గారిని చూడగానే ఆయన మొహం చిన్నబోయింది.

“ఏం ఇబూ, మీరింకా రిటైర్ కాలేదా?”

“మీరు సంతకాలు పోగుచేయడం మానలేదుగా సార్. నేనెలా మానేది?”

ఆయన కూర్చోలేదు. “చూడండి, నాకు ఈ కథ కంఠతా వచ్చు. నేను చూసిన ప్రతి కేసులోనూ ఒక అవ్వ ఉంటుంది. ఆ అవ్వ దగ్గర ఒక కషాయం ఉంటుంది. దాని పక్కన ఏమీ తెలియని ఒక మనవరాలు ఉంటుంది.”

“నేను చూసిన ప్రతి కేసులోనూ ఒక కార్యదర్శి ఉంటాడు. ఆయన జేబులో మూత తీసి సిద్ధంగా ఉన్న పెన్ను ఉంటుంది.”

“రూలు మారుస్తారా మీరు? ఒంట్లో దొరికినదానికి ఆ ఒళ్ళున్నవాళ్ళదే పూచీ.”

“రూలు మంచిదే,” అన్నారు విగాతి గారు. నేను ఉలిక్కిపడ్డాను. ఆవిడ మావైపు కదా! “అది లేకపోతే ప్రతి దొంగా నాకేం తెలీదనే అంటాడు. కానీ ఆ రూలు రాసినవాళ్ళే, ఎలా వచ్చిందో చెప్పుకోనివ్వండని కూడా రాశారు. దానికి ఇరవై రోజులిచ్చారు. ఈ ఉత్తరం కవరు మీద తేదీ చదవండి.”

ఆయన చదవలేదు.

“నేను చదువుతాను. మీ ఆఫీసుకి చేరి నేటికి ఇరవై రోజులు. ఈ ఇంటికి చేరి మూడు రోజులు. మధ్యలో పదిహేడు రోజులు ఏ సొరుగులో పడుకుంది సార్?”

“కొత్త హాలు ప్రారంభం ఉంది. ఈ గొడవ అప్పుడు బయటపడితే అందరికీ నష్టం. పిల్లకి మంచి దారేదో చూసి చెబుదామనుకున్నాను.”

“చూశారుగా. ఒప్పుకుంటే తగ్గుతుందన్నారు. ఎంత తగ్గుతుందో ఈ కాగితంలో ఎక్కడుంది?”

“అది... పైవాళ్ళు నిర్ణయిస్తారు.”

“అదీ మీ మంచి దారి.”

అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న నింగ్రుమ్ నోరు విప్పింది. “ఇబూ, ఒక్కటి చెప్పండి. ఆ రోజు నూట నాలుగు ఎత్తింది నేనా, మందా?”

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినపడింది.

“తెలీదమ్మా. నీకే కాదు, ఎవరికీ తెలీదు. అందుకే ఆ రోజు ఫలితం కొట్టేస్తారు. కొట్టేయాలి కూడా. రెండోగా వచ్చిన పిల్ల ఏం పాపం చేసింది?”

“కొట్టేయండి. ఆ స్థానం నాకొద్దు. కానీ నేను దొంగనని నా చేత్తో నన్ను రాయమనకండి సార్. నేను చెయ్యలేదు. మళ్ళీ ఎత్తుతాను. ఎత్తనివ్వండి, అంతే.”

హర్సోయో గారు కవర్లోంచి కాగితం తీసి చాప మీద పెట్టారు. “అయిదు దాకా ఇక్కడే ఉంటాను,” అన్నారు. కొంచెం మెత్తబడ్డట్టే అనిపించింది.

“ఉండండి. మీతో నాకూ పనుంది,” అని విగాతి గారు లేచారు. “అవ్వ ఎక్కడ? ఆవిడ బుట్ట చూడాలి.”

అవ్వ లోపల మంచం మీద ఉంది. రెండు రోజులుగా నలతగా ఉందని బుట్ట ఎత్తలేదు. బుట్ట చూస్తామనగానే మాత్రం లేచి కూర్చుంది.

“నా బుట్టని నేను లేకుండా ఎవరూ ముట్టకూడదు. పక్కకి జరగండి,” అంటూ గోడ పట్టుకుని వచ్చి పీట మీద కూలబడింది.

“ఆ ఆదివారం పొద్దున గేటు దగ్గర ఏం చేశావో అచ్చం అలాగే చెయ్యి అవ్వా. ఏదీ వదలకు,” అన్నారు విగాతి గారు.

అవ్వ సీసాలు తీసింది. పసుపు చింతపండుది, చేదుది, తీపిది. అయిదు గ్లాసులు వరసగా పెట్టింది. పక్కన గ్లాసులు కడిగే చిన్న బొక్కెన. నాలుగు గ్లాసుల్లో ఉత్తుత్తిగా పోసింది. “ఇవి ఆ నలుగురు పిల్లలకి.” తరవాత చెయ్యి అయిదో గ్లాసు మీదకి వెళ్ళలేదు. బుట్ట అడుగున గుడ్డలో చుట్టిన మందపాటి గ్లాసు మీదకి వెళ్ళింది.

“అదేమిటి?”

“నా గ్లాసు. దీన్ని ఎవరూ ముట్టరు. సుమిని కూడా కడగదు.”

అది నిజమే. పెళ్ళికి ముందు అవ్వతో బుట్ట మోసిన రోజుల్లో కూడా ఆ గ్లాసు జోలికి వెళ్తే చెయ్యి మీద కొట్టేది.

“నింగ్రుమ్‌కి దీన్లో పోశావా?”

“మరి? దారినపోయే ప్రతివాడూ మూతి పెట్టిన గ్లాసులో పోస్తానా నా మనవరాలికి? నా గ్లాసులో పోసి, దేవుణ్ణి తలుచుకుని, ముందు నేనో గుక్క తాగి, ఆ ఎంగిలి దానికిస్తాను. పెద్దవాళ్ళ ఎంగిలిలో బలముంటుంది. దాని మొదటి పోటీ నుంచీ అంతే.”

“పోసేముందు గ్లాసు కడిగావా?”

“కడిగితే దీవెన కొట్టుకుపోదూ! ఏం మాటమ్మా అది, ఇంత వయసొచ్చి!”

విగాతి గారు గ్లాసు తీసుకుని కిటికీ వైపు వంచారు. అడుగున మడ్డి ఎండి అంటుకుపోయి ఉంది. ముదురు గోధుమ రంగు.

“బియ్యం మడ్డి తెల్లగా ఉంటుంది అవ్వా. ఇదేమిటి, కాఫీ పొడిలా?”

అవ్వ నోరు మూసుకుంది. మా అవ్వ నోరు మూసుకోవడం నేను పుట్టాక చూడలేదు.

“ఆ రోజు పొద్దున ఈ గ్లాసులో నువ్వేం తాగావు?”

“పిల్లకేం పోశావని అందరూ అడిగారు. చెప్పాను. నేనేం తాగానని ఎవరూ అడగలేదు.”

“నేనడుగుతున్నాను.”

అవ్వ గుమ్మంలో నిలబడ్డ హర్సోయో గారి వంక గడ్డం ఎగరేసింది. “ముందు అతన్ని బయటికి పొమ్మను.”

“అతను వినాలి. అతను వింటేనే నీ మనవరాలు బతుకుతుంది.”

అవ్వ నడుముకి చుట్టిన పట్టీ మడతలోకి చెయ్యి పోనిచ్చి చిన్న పొట్లం తీసింది. పసుపురంగు కాగితం. దాని మీద కండలు తిరిగిన మగవాడి బొమ్మ.

“మోకాళ్ళకి,” అంది గొణుగుతూ. “బుట్ట మోయాలంటే ఇది పడాలి. వేడినీళ్ళలో కలిపి తాగితే అరగంటలో లేడిపిల్లనైపోతాను.”

“బజారు పొట్లమా అవ్వా!” అన్నాను. “నువ్వా?”

“అరవకే! వీధి వింటుంది. యాభై ఏళ్ళుగా ఊరందరి నొప్పులకీ జమూ పోసిన కర్సినా, తన మోకాళ్ళకి బజారు పొట్లం తాగుతోందని తెలిస్తే రేపు నా బుట్ట దగ్గరికి ఎవడొస్తాడు? నువ్వొస్తావా? ఈ కారు బాబు వస్తాడా?”

నింగ్రుమ్ ముందు నవ్వింది. తరవాత మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ రెండూ ఒక్క క్షణంలోనే.

“వేళ్ళతో చేసిన మందు అరగంటలో పనిచెయ్యదు,” అన్నారు విగాతి గారు. “ఇలాంటి పొట్లాల్లో కొందరు దుర్మార్గులు స్టెరాయిడ్ మాత్రలు నూరి కలుపుతారు. మడ్డిలో దిగింది. దాని మీద తీపి జమూ పడింది. తాగినవాళ్ళకి మడ్డితో సహా వెళ్ళింది.”

“ఇది ఎవరు నమ్ముతారు?” అన్నారు హర్సోయో గారు. గొంతులో వెనకటి ఊపు లేదు.

“ఎవరూ ఊరికే నమ్మక్కర్లేదు. పరీక్ష చేసేవాళ్ళు చెబుతారు. ఇప్పుడు మూడూ నలభై అయిదు. ఈ గ్లాసు ఒక సంచిలో, ఈ పొట్లం ఒక సంచిలో, మీ కళ్ళెదురుగా మూసి ముద్ర వేస్తున్నాను. సాక్షిగా మీరు సంతకం పెట్టండి. పెన్ను ఉందిగా.”

ఆయన ఆ సంచుల వంక, చాప మీద తన కాగితం వంక, నా చెల్లెలి వంక చూశారు. పెట్టనంటే ఆ పదిహేడు రోజుల సంగతి ఎక్కడిదాకా వెళుతుందో లెక్క వేసుకున్నారేమో. లేక నింగ్రుమ్ ఏడుపే పనిచేసిందో. మొత్తానికి రెండు సంచుల మీదా సంతకం పెట్టారు.

నా గుండె మీంచి బండ దిగినట్టయింది. పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు దించి అందరికీ టీ పెడదామని లేచాను.

విగాతి గారు మాత్రం అవ్వ మొహాన్నే చూస్తున్నారు. గుండ్రటి, నున్నటి బుగ్గలు. బీమో పుట్టాక ముసలిదాని మొహం నిండుగా అయిందని వీధంతా అంటుంటే నేను మురిసిపోయేదాన్ని. ఆవిడ అవ్వ చెయ్యి అందుకున్నారు. పుల్లలాంటి చెయ్యి. దాని మీద ఎక్కడ తగిలాయో తెలియని నల్లటి కమిలిన మచ్చలు.

“రోజుకెన్ని పొట్లాలు అవ్వా?”

“రెండు.”

“ఎన్నాళ్ళుగా?”

“నాలుగేళ్ళు దాటింది.”

“చివరిది ఎప్పుడు?”

అవ్వ నిటారుగా కూర్చోబోయింది. “ఉత్తరం వచ్చిన పూట. మందు అన్న మాట వినగానే భయమేసి అన్నీ పొయ్యిలో వేశాను. మరీ ఓర్చుకోలేకపోతే ఉంటుందని ఒక్కటి దాచాను గానీ, ముట్టలేదు. మూడు రోజులైంది. ఒట్టు.”

గర్వంగా చెప్పింది. విగాతి గారు గబుక్కున నా వైపు తిరిగారు.

“సుమినీ, వాంతులయ్యాయా ఈవిడకి?”

“నిన్న రెండుసార్లు. పొద్దున లేవబోయి తూలిపడింది. ఎండదెబ్బ అనుకున్నాను.”

“ఎండ కాదు. ఈ బుగ్గలూ మచ్చలూ ఆ మందువే. అది రోజూ బయటినుంచి వస్తుంటే ఒళ్ళు తనకి కావాల్సింది తాను తయారుచేసుకోవడం మానేస్తుంది. ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదకి వస్తుంది. హర్సోయో, కారు తియ్యి!”

సార్ అనలేదు ఈసారి. ఆయనా పట్టించుకోలేదు. బూట్లు వేసుకోకుండానే పరిగెత్తారు. నింగ్రుమ్ వంగి, అవ్వని రెండు చేతులతో ఎత్తుకుని, ఒక్క అడుగు కూడా తడబడకుండా గుమ్మం దాటింది. “దించవే, నేను నడుస్తాను, వీధి చూస్తుంది,” అంటూనే ఉంది అవ్వ. మాట ముద్దగా వస్తోంది. బీమో చాప మీద కాగితం అందుకుని మూల నములుతున్నాడు. వాడి నోట్లోంచి లాగి, వాణ్ణి చంకనేసుకుని కారెక్కాను.

నాలుగూ పదికి ఆసుపత్రి చేరాం. నర్సు రెండు చేతులకీ పట్టీ కట్టి చూసినా రక్తపోటు సరిగా దొరకలేదు. విగాతి గారు నాలుగు ముక్కల్లో చెప్పగానే డాక్టరమ్మ ఇంజెక్షన్ చేసి సెలైన్ పెట్టింది. “రేపటిదాకా ఆగి ఉంటే దక్కేది కాదు,” అంది. ఇక నుంచి సరైన మందు సరైన లెక్కలో ఇచ్చి, నెలల తరబడి మెల్లగా తగ్గించాలట.

గోడ మీద గడియారం అయిదు కొట్టింది. “అయిదైంది,” అన్నారు హర్సోయో గారు, ఉత్త కాళ్ళతో బల్ల మీద కూర్చుని. ఆ నమిలిన కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

“విచారణకి నేను వస్తాను. చూసింది చూసినట్టు చెబుతాను.”

“పదిహేడు రోజుల సంగతి?” అన్నారు విగాతి గారు.

“అదీ చెబుతాను.”

“చెప్పకపోతే నేను చెబుతాను, ఎలాగూ.”

అయిదున్నరకి అవ్వ కళ్ళు తెరిచి, సోయా గింజల టెంపే ముక్కలు వేయించి తెమ్మంది, కరకరలాడాలంది. నేను అక్కడే కూర్చుని బీమోకి పాలిచ్చాను. ఆ మూడు రోజుల్లో వాడి ఊపిరి లెక్కపెట్టకుండా ఇచ్చిన పాలు అవే. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది, నింగ్రుమ్ అవ్వ పాదాలు ఒత్తుతోంది. నాకింకేం కావాలి అనిపించింది.

అప్పుడు అవ్వ తృప్తిగా అంది: “నా ఒక్కదాని సంగతేనా! మిగతావాళ్ళ చేత కూడా మానిపించాను. సోమవారం సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి, అది విషం, పారెయ్యండని చెప్పొచ్చాను.”

“మిగతావాళ్ళెవరు?” అన్నారు విగాతి గారు.

“బుట్ట మోసే ఆడవాళ్ళందరం తాగుతాం. ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం. అందరికీ నేనే తెచ్చిస్తాను. పదకొండు మంది.”

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. హర్సోయో గారు కారు తాళాలు తీసుకుని లేచారు.

చీకటి పడేలోగా ఎనిమిది మందిని, శుక్రవారం మధ్యాహ్నానికి పదిమందిని పట్టుకున్నాం. ముగ్గురు మంచంలోంచి లేవలేని స్థితిలో ఉన్నారు. అందరూ ఇప్పుడు డాక్టరమ్మ చేతిలో ఉన్నారు. పదకొండోది తుగియెమ్ అవ్వ. పొట్లాలన్నీ కాల్చేసి, మంగళవారం పొద్దున బస్సెక్కి, రేవు దగ్గర కాపురముంటున్న కూతురింటికి వెళ్ళిపోయింది. ఫోన్ లేదు. కూతురి పేరు కూడా మాలో ఎవరికీ తెలీదు.

ఇది చదువుతున్నవాళ్ళు రేవు వైపు ఉంటే ఒక్క మేలు చెయ్యండి. కొత్తగా వచ్చిన ముసలమ్మ ఎవరైనా మీ వీధిలో ఉందేమో చూడండి. మొహం గుండ్రంగా నిగనిగలాడుతుంది, చేతులూ కాళ్ళూ పుల్లల్లా ఉంటాయి, కుడి మోకాలికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుంటుంది. ప్రయాణం చేసి అలిసిపోయింది, పడుకోనివ్వండి అని ఇంట్లోవాళ్ళు అంటారు. వినకండి. లోపలికి వెళ్ళి లేపండి.